దశావతార గంజీఫాలో మత్స్యము

పేకలో ముక్కలను గెలుచుటయు ‘పట్టుట’యే, చేపను జిక్కించుకొనుటయు ‘పట్టుట’యే. ఈ రెండర్థములు నొక్కచోట గలిసిన యాట దశావతార గంజీఫా. గంజీఫా పేరు పారసీకము. 1527లో బాబరు సింధుదేశమునకు గంజీఫాను బంపినట్లు తన యాత్మకథలో వ్రాసికొనెను. మొగలాయి పేకకు 8 రంగులు, 96 ముక్కలు; అవతారముల పేకకు 10 రంగులు, 120 ముక్కలు. తెలుగునాట నిర్మల్ చిత్రకారు లీ గుండ్రని ముక్కలను జిత్రించిరి.

తొలిరంగు మత్స్యము. అందు రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వఱకు జేపల గుర్తులుగల ముక్కలు నుండును. తురుపు లేని యాట గావున మత్స్యరాజును బట్టగల ముక్క లేదు, చిన్నచేపలే చిక్కును. పగలు రాముని ముక్క గలవాడును, రాత్రి కృష్ణుని ముక్క గలవాడును ఆట నారంభింతురు. తొమ్మిదవ రంగున బుద్ధునికి బదులు ఉత్కళమున జగన్నాథుడు వచ్చెను; మొదటనున్న మత్స్యము మాత్రము మాఱలేదు.

భద్రాచలమున ముక్కోటికి ముందు స్వామికి జరుగు నవతారాలంకారములలోను తొలినాడు మత్స్యమే. గుడియు బేకయు నొక్క క్రమమునే నేర్పినవి. గుడిలోని క్రమ మేటేట నిలిచియున్నది. ఇంటిలోని క్రమము పేకతో గూడ మఱుగుపడుచున్నది. 120లో నొక్కటి పోయినను ఆట సాగదు. కావున పాతపేక దొరకినచోట జిత్రములనే గాక, ఆడిన పెద్దల నోటనున్న నియమములను గూడ వ్రాసియుంచుట పండితుల విధి.