మూత మీద పొదిగే పెట్ట

పాలగాజు పుట్టుకే అనుకరణలో ఉంది. 15వ శతాబ్దం చివర్లో వెనిస్ పనివాళ్లు చైనా పింగాణీకి సాటి రావాలని గాజులో తగరపు ఆక్సైడ్ కలిపి తెల్లగా చేశారు. వాళ్ల భాషలో పాలకు ఉన్న మాట నుంచే దానికి లాట్టిమో అని పేరొచ్చింది. ఊది, రంగులు దిద్దిన ఆ పాత్రలు కలవారి బల్లల మీదికే చేరాయి. మామూలు ఇళ్లకు తెల్లగాజును తెచ్చింది మాత్రం 19వ శతాబ్దపు అమెరికా ఇనుప అచ్చు. అందుకే మూత జంతువు రూపంలో ఉండే తెల్లగాజు మూతగిన్నెల చరిత్రను రంగును బట్టి కాదు, అచ్చును బట్టి చదవాలంటాను.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిసరాల్లో ఆ రోజుల్లో ఇంధనం చవక. గ్రీన్‌లాండ్ నుంచి ఓడల్లో వచ్చిన క్రయోలైట్ అనే ఖనిజం గాజును తెల్లబరచడానికి పనికొచ్చింది. పిట్స్‌బర్గ్‌లోని ఆటర్‌బరీ గాజు కంపెనీ బాతు రూపంలో చేసిన మూతగిన్నెకు 1887 మార్చి 15న పేటెంట్ పొందింది. బాతు కళ్లకు విడిగా గాజు పూసలు పొదిగేవారు. కోడిపెట్టలు, కుందేళ్లు, సింహాలు అన్నీ ఆ కాలపు అచ్చుల్లోంచే వచ్చాయి. గ్రేప్‌విల్ అనే ఊళ్లో 1889లో మొదలైన వెస్ట్‌మోర్లాండ్ కంపెనీ తన గాజు గిన్నెల్లో ఆవముద్ద నింపి అమ్మేది. సరుకు అయిపోయినా గిన్నె ఇంట్లో ఉండిపోయేది. ఇన్ని గిన్నెలు మిగలడానికి అదీ ఒక కారణమేనని నా నమ్మకం. తయారీదారులు ఈ గాజును ఓపల్ అనేవారు. మిల్క్ గ్లాస్ అన్న పేరును స్థిరపరచింది సేకర్తలే. 1949లో బెల్‌నాప్ అనే రచయిత ఈ గాజు మీద రాసిన తన పుస్తకానికి పెట్టిన పేరూ అదే.

అచ్చునే నమ్మితే నకళ్ల మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1945లో కెంపుల్ అనే గాజు కంపెనీ పాత అచ్చులు కొని మళ్లీ గాజు పోసింది. అచ్చు మీద చెక్కిన పేటెంట్ తేదీ రూపకల్పనకు రక్షణ దొరికిన రోజును చెబుతుంది కానీ, చేతిలో ఉన్న గిన్నె ఎప్పుడు తయారైందో చెప్పదు. అయితే ఇది అచ్చును వదిలెయ్యడానికి కారణం కాదు, ఇంకా దగ్గరగా చూడడానికి కారణం. వాడేకొద్దీ అచ్చు అరుగుతుంది, ఈకల గీతలు మొద్దుబారతాయి. మూత పగిలితే వేరే ఫ్యాక్టరీ మూత తెచ్చి కప్పిన జంటలూ సంతలో తిరుగుతుంటాయి. అంచు అల్లిక, అడుగు గీతలు పోల్చి చూస్తే అవి బయటపడతాయి. వయసు కోసమే వెతికేవారికి కెంపుల్ గిన్నె నకలే. అచ్చు ప్రయాణాన్ని వెతికేవారికి అది అదే కథలో మరో ఘట్టం. వెస్ట్‌మోర్లాండ్ 1984లో మూతపడినప్పుడు దాని అచ్చులు కూడా వేరే చేతుల్లోకి వెళ్లాయి, వాటిలో కొన్నింటిలో మళ్లీ గాజు పోశారు.