కోడికీ నాగమ్మకీ ఒకటే క్రియ

పల్నాటి కథ చెప్తుంటే ఒకసారి క్రియలు వినండి. బ్రహ్మనాయుడు పందెం కాశాడు, ఓడాడు, ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాడు. నాగమ్మ గెలిచింది. ఆమె కోడీ గెలిచింది. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిన మనిషికీ, ఆమె పుంజుకీ ఒకటే క్రియ.

కథకుల తప్పేం లేదు, వ్యాకరణమే అంత. చిన్నయసూరి లెక్కలో ఆడవాళ్లది ఏకవచనంలో అమహత్తుల వరస, బహువచనంలో మహత్తుల వరస. అంటే ఒక్కతే అయితే గేదెలాగే 'వచ్చింది', నలుగురు కలిస్తేనే 'వచ్చారు'.

దీన్ని దాటడానికి గౌరవ బహువచనం ఉంది. వయసుతో అదే వస్తుందంటారు గానీ, ముందు మగవాళ్లకే వస్తుంది. మాచర్లలోనైనా నరసరావుపేటలోనైనా చాలా ఇళ్లలో నాన్న 'వచ్చారు', అరవై దాటినా అమ్మ 'వచ్చింది'. అమ్మ టీచరైతే ఆ 'రు' బడిలో దొరుకుతుంది, ఇంటికొచ్చేసరికి పోతుంది. అది చనువు అంటారు. నాన్నతో ఆ చనువు ఎందుకు లేదో మరి.

కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ కోడిపోరు ఘట్టం ఉంది. నాగమ్మకి 'నాయకురాలు' అన్న పేరూ నిలిచింది. అయినా క్రియ కదల్లేదు: నాయకురాలు గెలిచింది. బ్రహ్మనాయుడుగారు ఓడారు అని కూడా ఎవరూ అనరు, నిజమే. ఆయనకి 'డు' ఉంది.