నీటిలోని చేప – నింగి యంచున చంద్రుడు

జిమల్‌గట్ట, సిరొంచ ప్రాంతముల తెలుగువారికి ప్రాణహిత నీటిలోని చేప ఉన్నదానికంటె పైగాను, పెద్దదిగాను కనుపించుట క్రొత్తగాదు. నీటినుండి గాలిలోనికి వచ్చు కిరణము వంగుటయే, అనగా వక్రీభవనమే, దీనికి కారణము. పైనుండి నిలువుగా చూచినచో నాలుగడుగుల లోతు మూడడుగులుగా తోచును. వస్తువు కంటికి చేరువైనట్లుండుటచే పెద్దదిగా అగపడును.

అడవి చెట్లపై ఉదయించు పూర్ణచంద్రుడును అట్లే పెద్దగా కనుపించును. క్రీ.శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నుండిన టాలెమీ రెండింటికిని ఒకే హేతువు చెప్పెను. నీరు వస్తువును పెద్దదిగా చూపునట్లు, భూమిని చుట్టిన తేమ బింబమును పెద్దదిగా చూపునని 'అల్మాజెస్ట్' గ్రంథమున వ్రాసెను.

ఉపమానము చక్కనిదే గాని సిద్ధాంతము నిలువలేదు. 11వ శతాబ్దమున కైరోలో ఇబ్న్ అల్ హైథమ్ ఇది ప్రధానముగా మనస్సు చేయు నిర్ణయమని వివరించెను. నడుమనున్న వస్తువులవలన దిక్కుల అంచు మిక్కిలి దూరమని తోచును; దూరమని తోచిన బింబమును మనస్సు పెద్దదిగా ఎంచును.

కొలతయు టాలెమీ మతమునకు విరుద్ధముగానే యున్నది. అస్తమించు సూర్యుని క్రింది అంచును వాయువు పై అంచుకంటె ఎక్కువగా లేవనెత్తును. అందుచే 32 కళల నిలువు వ్యాసము ఇంచుమించు 27 కళలకు తగ్గును. అడ్డు వ్యాసము దాదాపు మారదు. (అంశలో 60వ భాగము కళ.) పెద్దది చేయునని పూర్వులు తలచిన వాయువు నిజమునకు బింబమును నొక్కి చిన్నది చేయుచున్నది.

నీటియందు చెల్లిన హేతువు నింగియందును చెల్లునని కొలువకయే నమ్మరాదు. ఉపమానము ఆలోచనకు దారి చూపును. ప్రమాణము మాత్రము కొలతయే.