కుర వాళ్లమ్మ భరిణె

పల్లెటూళ్లలో తల్లి సొంత పేరు చలామణీ కాదు. ‘ఫలానా వాళ్లమ్మ’ అంటేనే గుర్తు. ఈ అలవాటు వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో ఓ రాతి మంజూషను (పెట్టెను) చేయించిన వాళ్లు తమ వివరాలు ఇలా చెక్కించుకున్నారు: కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. తండ్రి పేరు బణవ అని పక్క వాక్యం చెబుతుంది. ఆ రాతి మీద తల్లి పేరు మాత్రం లేదు.

రాతి మీద పేరంటే రాచముద్రలూ గుర్తొస్తాయి. చైనాలో జేడ్ రాతి ముద్ర చక్రవర్తి హోదాకు గుర్తుగా ఉండేది. 18వ శతాబ్దపు చియెన్‌లుంగ్ చక్రవర్తి నచ్చిన పాత చిత్రం మీదల్లా తన ముద్ర గుద్దేవాడు. భట్టిప్రోలు వాళ్లది ఎదురు వరస. విలువైన రాళ్లు తెచ్చి, పేర్లు చెక్కించి, మూతేసి ఇటుకల కింద పూడ్చేశారు!

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలోనే ఉంది భట్టిప్రోలు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే ఇక్కడి దిబ్బ తవ్విస్తే మూడు రాతి మంజూషలు బయటపడ్డాయి. వాటిలో బుద్ధుడి ధాతువుల కోసం చేసిన స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు ఉన్నాయి. భరిణెను శాసనంలో ‘ఫాలిగ సముగ’ అన్నారు. ఫాలిగ అంటే స్ఫటికం, సముగ అంటే భరిణె. చదివి అర్థం చెప్పినవాడు లిపి పండితుడు బ్యూలర్.

ఈ శాసనాల లిపి సంగతి మరీ ముచ్చట. అశోకుడి బ్రాహ్మిలో ‘క’ పక్కన చిన్న గీత పెడితే ‘కా’ అవుతుంది. ఇక్కడ ఆ గీత ఉన్నా ‘క’యే. మన తలకట్టు గుర్తుకొస్తుంది.

మరో మంజూష కుబీరక రాజు పేరు చెబుతుంది. సింహ గోష్ఠి అనే సంఘానికి ఆయన పెద్ద. రాజైనా సంఘం లెక్కల్లో ఓ దాతే! ఇంకా ఆరు పలకల స్ఫటికం ఒకటి ఉంది. దాని మీద పైపైన గీసినట్టున్న అక్షరాల్లో నందపురం స్త్రీల కానుక నమోదైంది. వాళ్లకూ ఊరి పేరే మిగిలింది.

ఆ తర్వాత దాదాపు వెయ్యేళ్లకు వేంగి చాళుక్యులు శాసనాల రాగిరేకులను కడియానికి గుచ్చి, వరాహంతో ‘త్రిభువనాంకుశ’ ముద్ర వేశారు. అది అచ్చమైన దొరతనపు ముద్ర.

రే రాకముందే స్తూపం ఇటుకలు రోడ్డు పనులకూ, పాలరాళ్లు కాలువ తూముకూ వెళ్లిపోయాయి. వాటి మీద ఎవరి పేర్లుండేవో, ఎందరు తల్లుల ఊళ్లుండేవో ఇక చదవలేం. ఆ నష్టానికి రోడ్డు అవసరం సరైన జవాబు కాదు.

మంజూషలు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి చేరాయి. అటు వెళితే స్ఫటికం మెరుపు దగ్గరే ఆగిపోకండి. రాతి అంచున ఉన్న అక్షరాలూ చూసి రండి.