బస్సు దిగి నడవదగిన కోనసీమ గట్టుబాటలు

కొబ్బరితోటలకు, వరిచేలకు, పంటకాలువలకు పేరొందిన కోనసీమలో కొండ అన్నది లేదు. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల ఇది. ఈ సీమలో కాలినడకన ఎక్కదగిన ఎత్తు ఏదైనా ఉన్నదంటే అది ఏటిగట్టు లేదా కాలువగట్టు మాత్రమే. అరకు, పాపికొండలు, నల్లమల వంటి ప్రాంతాలలో కొండదారుల నడకకు వెళ్లే యాత్రికులు ఇటీవలి కాలంలో పెరిగారు. వారిలో చాలామందికి గోదావరి మధ్య డెల్టాలోని ఈ గట్టుబాటల సంగతి తెలియదు. ఆర్టీసీ బస్సు దిగిన చోటు నుంచే ఇక్కడ నడక మొదలవుతుంది. సొంత వాహనం అవసరం లేదు.

వంతెనలు రాకపూర్వం కోనసీమకు రాకపోకలన్నీ పడవమీద, కాలినడకన సాగేవి. నాలుగు దిక్కులా నీరే గనుక ఊరు దాటితే రేవు, రేవు దాటితే గట్టు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి వరకు వేసిన రైలుమార్గం గౌతమి ఆవలి ఒడ్డునే ఆగిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పట్టాలనూ తొలగించారు. ఆ మార్గాన్ని తిరిగి వేసి 2004లో రైలు నడిపారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు తలపెట్టిన మార్గం పనులు మాత్రం ఏళ్ల తరబడి సాగుతూ వచ్చాయి. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో ప్రారంభమైంది. దాని కోసం కృషి చేసి, అదే ఏడాది మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరును ఆ వంతెనకు పెట్టారు.

రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారికి తొలి మజిలీ ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకులు. సర్ ఆర్థర్ కాటన్ 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన తరువాత మధ్య డెల్టాకు బొబ్బర్లంక వద్ద నీరు వదిలే ఏర్పాటు జరిగింది. ఆ ప్రధాన కాలువ లొల్ల వద్ద చీలి కోనసీమ పొలాలకు సాగిపోతుంది. లాకుల నీడన చెట్లు, నీటి హోరు, పాతకాలపు కట్టడం కలిసి ఉండడం వల్ల సినిమా చిత్రీకరణలకు ఈ చోటు చిరపరిచితమైనది. ఒకప్పుడు సరకుల పడవలు ఈ లాకుల గుండానే ఎగువకు, దిగువకు సాగేవన్న సంగతి నేటి తరానికి అంతగా తెలియదు. కాలువ గట్టు వెంట ఒకవైపు వాడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయం, మరోవైపు జగన్మోహినీ కేశవస్వామి కొలువైన ర్యాలి ఉన్నాయి. శనివారాలలో వాడపల్లికి వచ్చే భక్తుల రద్దీ అపారం. నడకను కోరి వచ్చేవారు ఆ రోజును తప్పించుకోవడం మేలు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు ఈ దారిలోనే లభిస్తాయి.

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే బస్సు కొత్తపేట మీదుగా సాగుతుంది. కొత్తపేటకు సమీపంలోని పలివెలలో ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయం ఉన్నది. ఈ భాగంలో రహదారి వెంట నడక కంటె, బస్సు దిగి పక్క ఊళ్ల పుంతదారులు పట్టడం సుఖం.

కోనసీమలో నడకకు పండుగ హోదా దక్కే రోజు ఒకటున్నది. అది కనుమ. ఆ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు గ్రామాల నుంచి రంగు బట్టలతో, నెమలి పింఛాలతో అలంకరించిన ప్రభలను భుజాలపై మోసుకుని వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దారిలో ఎగువ కౌశికను దాటవలసి ఉంటుంది. మెడలోతు నీటిలో ప్రభ ఒరగకుండా దాటించే ఆ ఘట్టాన్ని చూసేందుకు గట్టుకు ఇరువైపులా జనం బారులు తీరుతారు. దారిలో పచ్చని చేను అడ్డువచ్చినా ప్రభ ఆగదు. తొక్కిన చేను మరింతగా పండుతుందని రైతుల నమ్మకం గనుక అభ్యంతరం చెప్పేవారు ఉండరు. సొంత పంటపై నుంచి దారినిచ్చే ఈ ఔదార్యం ఏ చట్టమూ శాసించినది కాదు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం ఈ తీర్థాన్నే ఇతివృత్తంగా ప్రదర్శించింది. అమలాపురం నుంచి అంబాజీపేటకు బస్సులు విరివిగా ఉన్నాయి. తీర్థం నాడు అక్కడి నుంచి జనంతో కలిసి నడవడమే మార్గం.

అంబాజీపేట దాటి అదే మార్గంలో పి.గన్నవరం వస్తుంది. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ పాయను కాలువ నీరు పైనుంచి దాటి, ఆవలి రాజోలు ప్రాంతపు పొలాలకు చేరే అక్విడక్టు ఇక్కడ ఉన్నది. కింద నది, పైన కాలువ! పాత అక్విడక్టు ధవళేశ్వరం ఆనకట్ట తరం నాటిది. దాని కమానుల వరుసను ఏటిగట్టు మీద నిలబడి చూస్తేనే ఆ పని గొప్పతనం బోధపడుతుంది. బస్సు కిటికీలో నుంచి చూస్తే అదొక మామూలు వంతెన వలెనే తోస్తుంది. పాతదాని పక్కన నిర్మించిన కొత్త అక్విడక్టుకు అన్నపూర్ణగా పేరుగాంచిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మండపేటలో జన్మించి లంకల గన్నవరంలో కాపురం చేసిన ఆమె (1841–1909) రేవు దాటి కాలినడకన వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. ప్రభుత్వ బడులలో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరునే పెట్టారు.

వైనతేయ గట్టు వెంట మరొక మంచి నడక పాశర్లపూడి నుంచి అప్పనపల్లి వరకు సాగుతుంది. అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలు వెళ్లే బస్సు పాశర్లపూడిలో ఆగుతుంది. అప్పనపల్లి బాలబాలాజీ ఆలయం ఏటి ఒడ్డునే ఉన్నది. రాజోలు నుంచి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా బస్సులో అంతర్వేది చేరవచ్చు. లక్ష్మీనరసింహస్వామి ఆలయం నుంచి దీపస్తంభం మీదుగా వశిష్ఠ సాగరసంగమం వరకు నడిస్తే అన్నాచెల్లెళ్ల గట్టు వస్తుంది. భీష్మ ఏకాదశి రథోత్సవం రోజులలో తప్ప ఇక్కడ ప్రశాంతత ఉంటుంది. అయితే ఈ తీరంలో సముద్రం ఏటేటా ముందుకు వస్తున్నందున, గత సంవత్సరం నడిచిన బాట ఈ సంవత్సరం ఉంటుందని చెప్పలేము. దీనికి తూర్పున శంకరగుప్తం మురుగుకాలువ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారిన దృశ్యం 2025లో రాష్ట్రమంతటి దృష్టిని ఆకర్షించింది. కోనసీమ అందాన్ని చూడవచ్చినవారు ఆ మోడులను కూడా చూడడం అవసరం.

గట్టుబాటలు పర్యాటకుల కోసం వేసినవి కావు. అవి జలవనరుల శాఖ పర్యవేక్షణకు, లస్కర్ల రాకపోకలకు, వరదను ఆపడానికి ఏర్పడినవి. వాటిపై దారిసూచికలు, రక్షణ కంచెలు ఉండవు. ఖరీఫ్ కాలంలో బురద, పాముల బెడద అధికం. రబీ ముగిశాక వేసవిలో కాలువలు కట్టివేస్తారు గనుక నీరు ఉండదు, ఎండ తీవ్రత భరింపరానిది. కార్తీకం మొదలు మాఘం వరకు నడకకు అనువైన కాలం.

నదితో చెలగాటం తగదని ఇటీవలి విషాదాలు హెచ్చరిస్తున్నాయి. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద నాటుపడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొన్నది. బడి నుంచి ఇళ్లకు వెళుతున్న బాలికలు గౌతమిలో గల్లంతయ్యారు. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమిని లంక వద్ద స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు మునిగిపోయారు. ఇసుక తిన్నె పక్కనే లోతు ఉంటుందన్న సంగతి స్థానికులకు తెలుసు, వచ్చినవారికి తెలియదు. రేవు దాటవలసి వస్తే అనుమతి గల పంటును మాత్రమే ఎక్కాలి.

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి గట్లు తెగిపోయిన చేదు అనుభవాన్ని కోనసీమ మరువలేదు. 2022 జూలైలోనూ లంకగ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. చాకలిపాలెం వద్ద కనకాయలంక కాజ్‌వే వంటివి వరద రాగానే మునిగిపోతాయి. మొదటి హెచ్చరిక వెలువడిన నాటి నుంచి నీరు తగ్గేవరకు ఏటిగట్ల వైపు సందర్శకులు వెళ్లరాదు. ఆ సమయంలో గట్టుపై తిరిగే హక్కు కాపలా సిబ్బందికి, ఇసుక బస్తాలు మోసే గ్రామస్థులకు మాత్రమే ఉండాలి.

అమలాపురం, రాజోలు, రావులపాలెం ఆర్టీసీ డిపోల పల్లెవెలుగు బస్సులు పైన పేర్కొన్న చోట్లకు ఆధారం. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రానికి చెందిన మహిళలు గుర్తింపు కార్డు చూపి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చు. లోపలి ఊళ్లకు సాయంత్రం తరువాత బస్సులు తగ్గిపోతాయి గనుక, నడక మొదలుపెట్టేముందే తిరుగు బస్సు వేళను కండక్టరును అడిగి తెలుసుకోవాలి.