నొప్పి తెలియని పాదం

అండమాన్‌లో తెల్లారడం తొందర. ఐదున్నరకల్లా ఏరియల్ బే జెట్టీ మీద ఎండ పడిపోయింది. డిగ్లీపూర్ బజారు నుంచి పది కిలోమీటర్లు ఆటోలో వచ్చి దిగారు మీరు. రాత్రి కురిసిన వానకీ, చేపల నీళ్ళకీ సిమెంటు జారుతోంది. పడవల్లోంచి సూరలు, వంజరాలు దిగుతున్నాయి. తట్టల దగ్గర వినిపించేది శ్రీకాకుళం తెలుగు. ఆ తీరం నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఈ దీవుల్లో తరాలుగా బతుకుతున్నాయి.

మీ పక్కన తట్ట సర్దుకుంటున్న ఆవిడకు అరవై దాటాయి. షుగర్ వచ్చి పదేళ్ళ పైమాటే. ఆవిడ కుడి కాలికి చెప్పుంది, ఎడమ కాలికి లేదు. ఎంతసేపటి నుంచి అలా తిరుగుతోందో! మీరు చూసి చెబితే వంగి చూసుకుని నవ్వేసింది.

"ఓలమ్మ, ఎప్పుడు జారిపోనాదో!"

మీరు మాత్రం నవ్వకండి. కాల్లోంచి చెప్పు జారినా తెలియలేదంటే, షుగర్ పాదాల నరాలను దెబ్బతీసిందని అనుమానించాలి. తిమ్మిర్లు, మంటలు ఉంటే మనిషి ఎవరితోనైనా చెప్పుకుంటాడు. స్పర్శే పోతే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఆవిడ వెంట ఇంటికి నడవండి. కోడలు అరుగు మీద కూర్చోబెట్టి గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడిగింది. వెలుతురులోకి జరిపి చూడండి. చిటికెనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మం తడికి నాని తెల్లగా ఉబ్బింది. మే నుంచి డిసెంబరు దాకా వాన పడే చోట, పొద్దస్తమానం తడిలో నిలబడే పనిలో అది మామూలే. మడమ పగుళ్ళలో ఉప్పు పేరుకుంది. పగులు పక్కన ఆవగింజంత నల్ల చుక్క. చేప రెక్క ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చేతి వెనక వైపుతో అక్కడ తాకి, తర్వాత రెండో మడమను తాకండి. తేడా తెలిసిపోతుంది. ముల్లు చుట్టూ వేడిగా ఉంది.

"నొప్పుందా అత్తా?"

"నాకేటీ నొప్పి లేదే."

ఆ మాట విని ధైర్యం తెచ్చుకుంటే కాలు పోతుంది. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. వేళ్ళు వాటంతట అవి రాలిపోవడం లేదని, నొప్పి తెలియక రోజూ తగిలే దెబ్బలే వాటిని తినేస్తున్నాయని గ్రహించారు. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో పనిచేస్తూ షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకూ అదే పాఠం వర్తింపజేశారు. మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు మన దేశంలో వాడుకలోకి రావడంలో ఆ వేలూరు కృషికి పెద్ద వాటా ఉంది.

ఇప్పుడు కోడలి చేత ఒక పని చేయించండి.

"కళ్ళు మూసుకో అత్తా. తాకినట్టు తెలిస్తే కుడో ఎడమో చెప్పు."

చూపుడు వేలి కొసతో, ఒకటి రెండు సెకన్లు, తేలిగ్గా. ముందు కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు. తర్వాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు. చివర కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. నొక్కకూడదు, గిల్లకూడదు, తెలియలేదని మళ్ళీ తాకకూడదు. అత్త రెండుసార్లు "కుడి" అంది. మిగతా నాలుగుసార్లూ మాట లేదు. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుని మీ వంక చూసింది. ఇది ఇంగ్లండులోని ఇప్స్విచ్ ఆస్పత్రి డాక్టర్లు 2011లో ప్రకటించిన పరీక్ష. పరికరం అక్కర్లేదు. ఆరింటిలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే లెక్క.

అత్త పిన్నీసు అడుగుతోంది. ముల్లు తీసి పసుపు పెట్టి, ఉప్పు నీళ్ళ కాపడం పెడితే సరిపోతుందట. ఆపండి. వేడి తెలియని కాలికి కాపడం పెడితే బొబ్బలెక్కుతాయి. సముద్రపు నీళ్ళలో ఉండే కొన్ని బాక్టీరియాలు ఇలాంటి గాయంలోకి దిగితే షుగర్ ఉన్నవాళ్ళలో గంటల మీద ముదరవచ్చు. శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ కాలి మీద బరువు పడనీయకుండా, ఆటోలో డిగ్లీపూర్ ఆస్పత్రికి ఇవాళే తీసుకెళ్ళాలి. వారం ఆగి కాలు నల్లబడ్డాక వెళితే అక్కడి నుంచి శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) జి.బి. పంత్ ఆస్పత్రికి పంపించవచ్చు. మూడు వందల కిలోమీటర్ల పైన దారి, జార్వా ఆదివాసుల అడవిలో నిర్ణీత వేళకే కదిలే కాన్వాయ్, రోజంతా ప్రయాణం. షుగర్ వల్ల కాళ్ళు తీసేయాల్సి వచ్చిన కేసుల్లో నూటికి దాదాపు 85 ముందు పుండుతో మొదలైనవే.

ఆటో వచ్చేలోగా కోడలికి చెప్పాల్సినవి చెప్పండి. రోజూ రాత్రి అత్త కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. పగుళ్ళకు కొబ్బరినూనె రాయవచ్చు, సందుల్లో వద్దు. ఆనెలు బ్లేడుతో కోయకూడదు. జెట్టీకి వెళ్ళేటప్పుడు మడమ వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులే వేయించాలి, వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఇంట్లో కూడా ఉత్తి కాళ్ళతో తిరగనివ్వకూడదు.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఈ రాత్రే కళ్ళు మూసుకోమని, ఆ ఆరు వేళ్ళూ తాకి చూడండి. రెండు తెలియకపోతే, నొప్పి లేకపోయినా సరే, రేపే డాక్టరుకు చూపించండి.