వానలో అడవికోడి: వేట పోయినా విద్య మిగలాలి

వాచకంలో టర్కీ కోడి బొమ్మ చూసి పిల్లలు "ఇది మన అడవిలో ఉంటుందా సార్?" అని అడుగుతుంటారు. ఉండదు. అది అమెరికా ఖండపు పక్షి. ఇక్కడ కనిపించేవి పెంపుడువే. మనది అడవికోడి. గోదావరికి ఉత్తరాన మన్యంలో ఎర్రది, దక్షిణాన నల్లమలలో బూడిదరంగుది. ప్రపంచమంతా పెంచే కోళ్ళకు మూలం ఆ ఎర్ర అడవికోడే.

మన పెద్దలకు వానాకాలం కరువు కాలం. పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. అప్పుడు వేటే ఆధారం. వానలో చెట్ల నుంచి నీళ్ళు కారుతుంటే ఆ చప్పుడుకి కోడికి అడుగుల సవ్వడి వినపడదు. అందుకే అది పొద వదిలి బయలుకు వస్తుంది. తొలకరికి ఉసిళ్ళు లేస్తే తినడానికీ వస్తుంది. తడి ఆకులు కాలికింద చప్పుడు చేయవు, బురదలో జాడ తెలుస్తుంది. వింటినారి తడిస్తే సాగుతుంది కాబట్టి ఉచ్చు మేలు. పిల్లలతో తిరిగే పెట్టను మాత్రం ముట్టకూడదని మాకు పెద్దలు చెప్పారు.

ఈ విద్యను చట్టాలు ఒక్కొక్కటిగా నేరం చేశాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో ఉచ్చు పెట్టడం శిక్షకు దారితీసింది. దొరలు మాత్రం సరదాకి షికారు చేశారు. 1911 నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి జాతుల కదలికలనే కట్టేసింది. విజయవాడ గవర్నర్‌పేట నుంచి కృష్ణ దాటితే వచ్చే సీతానగరంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో ఉంచి రాళ్ళు కొట్టించారు. అనుమతి లేనిదే బయటికి కదలకూడనివాడు అడవికి ఏం పోతాడు? ఆ చట్టం 1952లో రద్దయింది. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది.

2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులను గుర్తించింది, వేటను మాత్రం మినహాయించింది. అడవికోడి తగ్గిపోకూడదు కాబట్టి మనమూ ఉచ్చు పెట్టమనడం లేదు. కానీ సంప్రదాయ జ్ఞానంపై సమాజానికి హక్కు ఉందని అదే చట్టం చెప్పింది. ఆ హక్కు కాగితం మీద ఉంది. జ్ఞానమేమో పెద్దలతో పాటు మట్టిలో కలిసిపోతోంది.

ఉపాధ్యాయులారా, ఈ వానాకాలం పిల్లలను ముసలివాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. పక్షుల పేర్లు, కూతలు, జాడలు మన భాషలోనే రాయించండి. వేటగాడని మనల్ని చిన్నచూపు చూసినవాళ్ళకు ఆ నోటుబుక్కే మన జవాబు.